జెనోవా పెనాల్టీ నుంచి ఎలాండ్ రోడ్ దాకా: డేవిడ్ ఓలియరీకి మనం న్యాయం చేస్తున్నామా?

గోదారి గట్టు · శనివారం రాత్రి 9:10

1990 జూన్ 25 రాత్రి. రాజమండ్రిలో మా పక్కింటి మాస్టారి ముందు గదిలో పదిహేను మందిమి చాపల మీద సర్దుకుని కూర్చున్నాం. దూరదర్శన్‌లో ఇటలీలోని జెనోవా నుంచి ప్రపంచ కప్ మ్యాచ్, ఐర్లాండ్, రొమేనియా. నూట ఇరవై నిమిషాలు ఆడినా ఒక్క గోల్ లేదు. మా అమ్మ గోడ అవతల నుంచి రెండుసార్లు పిలిచింది. నేను కదల్లేదు.

పదకొండు కావస్తుండగా పెనాల్టీలు మొదలయ్యాయి. రెండు జట్లూ నాలుగేసి కొట్టేశాయి. రొమేనియా ఐదోది కొట్టడానికి టిమోఫ్టే వచ్చాడు, ఐర్లాండ్ గోల్ కీపర్ ప్యాకీ బోనర్ దూకి ఆపేశాడు. ఇక ఐర్లాండ్ తన ఐదోది కొడితే క్వార్టర్ ఫైనల్. మైదానం మధ్య నుంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. గోల్స్ కొట్టడం ఆయన పని కాదు. అదనపు సమయంలో స్టీవ్ స్టాంటన్ బదులు లోపలికొచ్చిన డిఫెండర్. బంతిని చుక్క మీద పెట్టాడు. కుదరలేదనిపించిందేమో, మళ్లీ వంగి సర్దాడు. వెనక్కి నడిచాడు. కొట్టాడు. వల ఊగింది. మా గదిలో ఎవరికీ ఐర్లాండ్ ఎక్కడుందో సరిగ్గా తెలీదు, అయినా అందరం లేచి అరిచాం.

ఆయన పేరు డేవిడ్ ఓలియరీ అని మర్నాడు పేపర్లో చదివాను. అప్పటి నుంచి ఆయన్ని వదల్లేదు. ఆయన ఆడిన లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి అభిమానిని అయ్యిందీ ఆయన వల్లే.

నా బాధ ఇది. ఆటగాడిగా ఆయన పేరెత్తితే అందరూ చేతులెత్తి దణ్ణం పెడతారు. మేనేజర్‌గా పేరెత్తితే మాత్రం "లీడ్స్‌ని ముంచినవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 40 ఏళ్లకు ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్‌కి మేనేజర్ అయిన మనిషి, 43 ఏళ్లకు ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడించిన మనిషి, 48 ఏళ్లకల్లా ఇంగ్లండ్‌లో ఎవరికీ అక్కర్లేనివాడైపోయాడు. ఇది న్యాయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత స్కోరు పుస్తకం · శనివారం రాత్రి 10:02

మంచి విషయం ఎత్తారు గట్టు గారూ. మేనేజర్ సంగతికి వెళ్లే ముందు ఆటగాడిగా ఆయన ఎంతటివాడో కుర్రాళ్ల కోసం కొంచెం చెప్తాను. నేటి తరానికి ఆ పెనాల్టీ ఒక్కటే తెలుసు.

పుట్టింది లండన్‌లో, 1958 మే 2న. మూడేళ్లప్పుడు కుటుంబం డబ్లిన్ వెళ్లిపోయింది. అక్కడ షెల్‌బోర్న్ కుర్రాళ్ల జట్టులో ఆడుతుంటే ఆర్సెనల్ వాళ్లు చూసి 1973లో అప్రెంటిస్‌గా తీసుకున్నారు. 1975 ఆగస్టులో బర్న్‌లీ మీద మొదటి మ్యాచ్. అప్పటికి 17 ఏళ్లు. ఆ తర్వాత 1993 దాకా అదే చొక్కా. మొత్తం 722 మ్యాచ్‌లు. ఆర్సెనల్‌లో ఇప్పటికీ ఆ లెక్కను ఎవరూ దాటలేదు. అంతకు ముందున్న రికార్డు జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, 621. అంటే పాత రికార్డును వందకు పైగా మ్యాచ్‌లతో వెనక్కి నెట్టాడు.

ఆయన్ని "స్పైడర్" అనేవాళ్లు. కాళ్లు అంత పొడుగు. అప్పట్లో ఇంగ్లండ్‌లో సెంటర్ బ్యాక్ అంటే ఎదుటివాణ్ని గుద్ది పడేసేవాడని లెక్క. ఓలియరీ అలా కాదు. పాస్ ఎటు వస్తుందో ముందే పసిగట్టి, ఆ పొడుగు కాలు చాపి బంతిని లాగేసుకుని, తలెత్తి చూసి మిడ్‌ఫీల్డ్‌కి ఇచ్చేవాడు.

1978, 79, 80, వరసగా మూడేళ్లు ఎఫ్ఏ కప్ ఫైనల్. గెలిచింది మధ్యది ఒక్కటే, మాంచెస్టర్ యునైటెడ్ మీద 3-2. ఆ జట్టులో లియామ్ బ్రాడీ, ఫ్రాంక్ స్టేపిల్టన్, ఓలియరీ ముగ్గురూ డబ్లిన్‌లో పెరిగిన పిల్లలే. ఉత్తర ఐర్లాండ్ నుంచి ప్యాట్ జెన్నింగ్స్, ప్యాట్ రైస్, సామీ నెల్సన్. లండన్ క్లబ్బులో సగం జట్టు ఐర్లాండ్ దీవి నుంచే వచ్చింది! తర్వాత బ్రాడీ యువెంటస్‌కి, స్టేపిల్టన్ మాంచెస్టర్‌కి వెళ్లిపోయారు. ఓలియరీ ఉండిపోయాడు. మొదటి లీగ్ టైటిల్ చూడ్డానికి 1989 దాకా ఆగాడు.

ఆ 1989 మే 26 గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చివరి మ్యాచ్, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో. ఆర్సెనల్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే టైటిల్. హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు చనిపోయిన విషాదం జరిగి ఆరు వారాలే అయింది. ఆర్సెనల్ ఆటగాళ్లు పూలగుత్తులు పట్టుకుని మైదానంలోకి వచ్చి లివర్‌పూల్ అభిమానులకు ఇచ్చారు. మేనేజర్ జార్జ్ గ్రాహం ఆ రోజు వెనక ఐదుగురిని పెట్టాడు. నడుమ స్వీపర్‌గా ఓలియరీ, ఆయనకు అటూ ఇటూ ఆడమ్స్, బౌల్డ్. మైకేల్ థామస్ ఆఖరి క్షణంలో కొట్టిన రెండో గోల్ అందరికీ గుర్తే. ఆ తొంభై నిమిషాలు లివర్‌పూల్‌కి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కాచిన వాళ్లలో 31 ఏళ్ల ఓలియరీ ఉన్నాడు. 1991లో ఇంకో టైటిల్. 1993 ఎఫ్ఏ కప్ ఫైనల్ రీప్లేలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, కప్పుతోనే ఆర్సెనల్‌కి వీడ్కోలు చెప్పాడు.

డబ్లిన్ శ్రీను · శనివారం రాత్రి 11:25

గట్టు అన్నా, మీ పోస్టు చదివి ఒళ్లు జలదరించింది. నేను డబ్లిన్‌లో ఉంటున్నాను, పదకొండేళ్లయింది. ఇక్కడ యాభై దాటిన ఎవర్ని కదిలించినా ఆ సాయంత్రం తనెక్కడున్నాడో చెప్తాడు. ఐర్లాండ్‌కి అది మొదటి ప్రపంచ కప్. ఇంగ్లండ్‌తో 1-1, ఈజిప్ట్‌తో 0-0, నెదర్లాండ్స్‌తో 1-1, రొమేనియాతో 0-0. ఒక్క మ్యాచ్ కూడా ఆటలో గెలవకుండానే క్వార్టర్ ఫైనల్ చేరారు! అదే రోజు డబ్లిన్‌లో యూరప్ దేశాల అధినేతల సమావేశం. షూటౌట్ కోసం వాళ్లు కూడా టీవీ ముందు చేరారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఓలియరీ బంతి దగ్గరికి నడుస్తుంటే ఇక్కడి టీవీలో జార్జ్ హామిల్టన్ "దేశమంతా ఊపిరి బిగబట్టింది" అన్నాడు. ఆ మాట ఇక్కడ సామెతైపోయింది. మా ఆఫీసులో పెద్ద రిలీజ్ ఉన్న రోజు కూడా ఎవరో ఒకరు అంటారు.

ఒక సంగతి అడగాలి. అంత ఆట ఆడినవాడు దేశం తరఫున 68 మ్యాచ్‌లే ఎందుకు ఆడాడు?

పాత స్కోరు పుస్తకం · ఆదివారం ఉదయం 6:40

శ్రీనూ, దానికి కారణం జాక్ చార్ల్‌టన్. 1986లో ఆయన ఐర్లాండ్ మేనేజర్ అయ్యాడు. ఆ మే నెలలో ఐస్‌లాండ్‌లో చిన్న టోర్నీ. ముందు ఓలియరీని పిలవలేదు. తర్వాత కొందరు తప్పుకుంటే అప్పుడు రమ్మన్నాడు. ఈయన ఈలోపు ఇంటివాళ్లతో సెలవులకు అన్నీ ఖాయం చేసుకున్నాడు, రానన్నాడు. అంతే. రెండేళ్లకు పైగా జట్టు మొహం చూడలేదు. 1988 యూరోలో ఐర్లాండ్ ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించిన రోజున ఈయన ఆ జట్టులో లేడు. ముప్పై ఏళ్లు, మంచి ఊపు మీద ఉన్న వయసు.

పైగా చార్ల్‌టన్ ఆట వేరు. బంతిని వెనక నుంచి ఎత్తి ముందుకు తన్ను, పరిగెత్తు, ఒత్తిడి పెట్టు. బంతిని కాలితో నెమ్మదిగా బయటికి తెచ్చే డిఫెండర్ ఆయనకు పెద్దగా అక్కర్లేదు. మిక్ మెక్‌కార్తీ, కెవిన్ మోరన్ ఆయన మనుషులు.

నాకు ఓలియరీలో నచ్చింది ఇదే. రెండేళ్లు పక్కన పెట్టిన మేనేజరే ఆఖరికి జెనోవాలో లోపలికి పంపితే, ఐదో పెనాల్టీ నేను కొడతానని ముందుకొచ్చాడు. మనసులో కసి పెట్టుకున్నవాడు అలా రాడు.

ఓరుగల్లు కుర్రాడు · ఆదివారం ఉదయం 10:15

అన్నలూ, ఆటగాడిగా ఆయన మీద నాకు మాట లేదు. కానీ గట్టు అన్న అడిగింది మేనేజర్ గురించి. అక్కడ నేను ఒప్పుకోను.

లీడ్స్‌లో ఆయన ఉన్నంతకాలం కొనడమే కొనడం. దాదాపు వంద మిలియన్ పౌండ్లు. రియో ఫెర్డినాండ్‌ని 18 మిలియన్లకు తెచ్చారు, అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండర్‌కీ అంత ధర లేదు. తర్వాత రాబీ కీన్, రాబీ ఫౌలర్, సేత్ జాన్సన్. ముందు ముందు అమ్మబోయే టికెట్ల డబ్బు చూపించి క్లబ్ 60 మిలియన్ల అప్పు తెచ్చింది. ఇంత పెడితే వచ్చిందేమిటి? ఒక్క కప్పు లేదు. 2004లో లీడ్స్ ప్రీమియర్ లీగ్ నుంచి కింద పడింది, 2007లో మూడో అంచెకు జారింది, తిరిగి పైకి రావడానికి 2020 దాకా పట్టింది. పదహారేళ్లు! "నాకు అక్కర్లేదు, ఉన్నవాళ్లతో ఆడిస్తా" అని ఆయన అని ఉంటే?

గోదారి గట్టు · ఆదివారం మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, నీ లెక్కలు తప్పు కావు. కానీ లెక్క మొదటి పేజీ నుంచి చదవాలి.

1998 అక్టోబర్‌లో జార్జ్ గ్రాహం లీడ్స్‌ని వదిలి టాటెన్‌హామ్ వెళ్లాడు. ఓలియరీ ఆయన అసిస్టెంట్. క్లబ్‌కి ముందు కావాల్సింది మార్టిన్ ఓనీల్. ఆయన లెస్టర్‌లోనే ఉంటానన్నాడు. అప్పుడు ఈయన చేతికి వచ్చింది జట్టు. వెంటనే డబ్బు అడిగాడా? లేదు. 1997లో యూత్ కప్ గెలిచిన పిల్లలు అకాడమీలో ఉన్నారు, వాళ్లను దించాడు. వుడ్‌గేట్, మెక్‌ఫెయిల్ అలా వచ్చినవాళ్లే. అలన్ స్మిత్ అనే 18 ఏళ్ల కుర్రాణ్ని నవంబర్‌లో ఆన్‌ఫీల్డ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దించితే మొదటిసారి కాలికి తగిలిన బంతినే గోల్ చేశాడు. హ్యారీ క్యూయెల్, ఇయాన్ హార్ట్ అప్పటికే ఉన్నారు, వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ సీజన్ నాలుగో స్థానం, తర్వాతి సీజన్ మూడు. 2000 సంవత్సరంలోకి అడుగు పెట్టినప్పుడు పట్టికలో పైనున్నది లీడ్స్.

17 ఏళ్లకు తనను నమ్మి ఎవరో ఆడించారు కాబట్టి, తనూ పిల్లల్ని నమ్మాడని నేను అనుకుంటాను. వాళ్లను "నా పిల్లలు" అనే పిలిచేవాడు.

అప్పు తెచ్చింది ఛైర్మన్ పీటర్ రిడ్స్‌డేల్ ఆధ్వర్యంలోని బోర్డు. ఆటగాళ్లు కావాలని మేనేజర్ అడుగుతాడు, అడగాలి కూడా. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేది ఆయన కాదు కదా. పైగా ఆ 18 మిలియన్ల ఫెర్డినాండ్‌ని ఓలియరీ వెళ్లిన నెలకే దాదాపు 30 మిలియన్లకు అమ్ముకున్నారు. ఆ కొనుగోలు తప్పు ఎలా అవుతుంది?

ఎలాండ్ రోడ్ లత · ఆదివారం సాయంత్రం 5:05

నేను లీడ్స్‌లో ఆసుపత్రిలో పని చేస్తాను, మా వారికి ఫుట్‌బాల్ పిచ్చి. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

మీరంతా డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఈ ఊళ్లో ఆ కాలం గురించి అడిగితే ముందు మాట్లాడేది ఇస్తాంబుల్ గురించి. 2000 ఏప్రిల్ 6న అక్కడి గలతసరాయ్ క్లబ్‌తో జరిగే యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్ కోసం వెళ్లిన ఇద్దరు లీడ్స్ అభిమానుల్ని ముందురోజు రాత్రి అక్కడ వీధిలో పొడిచారు. ఇద్దరూ చనిపోయారు. స్టేడియం దగ్గర వాళ్ల పేర్లతో ఫలకం ఉంది. ప్రతి ఏప్రిల్‌లో అక్కడ పూలు పెడతారు. నేనూ ఒకసారి చూశాను. చలిలో ఒక పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు దాటినా.

ఆ వార్త విన్న పిల్లల చేత మర్నాడు రాత్రి మ్యాచ్ ఆడించాల్సి వచ్చింది. మేనేజర్‌గా ఆయనకు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అలాంటి రోజున ఏం చేయాలో ఏ కోచింగ్ కోర్సులో నేర్పుతారు చెప్పండి?

దాదాపు ఏడాదికి, 2001 ఏప్రిల్ 4న, అదే లీడ్స్ జట్టు తన సొంత మైదానం ఎలాండ్ రోడ్‌లో డిపోర్టివో లా కొరూన్యాని 3-0తో ఓడించింది. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్. హార్ట్ ఫ్రీ కిక్, స్మిత్, చివరికి ఫెర్డినాండ్ తలతో. మా వారి స్నేహితులు ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

పాత స్కోరు పుస్తకం · ఆదివారం రాత్రి 8:20

లత గారూ, మంచి మాట గుర్తు చేశారు. ఆ ఛాంపియన్స్ లీగ్ మొదలైన తీరు కూడా చెప్పుకోవాలి. గ్రూపులో మొదటి మ్యాచ్ బార్సిలోనాలో 4-0 ఓటమి. అందరూ పెదవి విరిచారు. తర్వాతి వారం ఏసీ మిలాన్ ఎలాండ్ రోడ్ వచ్చింది. జోరు వాన. ఆట అయిపోవస్తుంటే లీ బోయర్ దూరం నుంచి కొట్టాడు. గోల్ కీపర్ డిడా నేరుగా చేతుల్లోకి తీసుకున్నట్టే అనిపించింది. తడి బంతి చేతుల్లోంచి జారి గీత దాటిపోయింది. 1-0. అక్కడి నుంచి కథ మారింది. మిలాన్‌లో 1-1తో బార్సిలోనాని వెనక్కి నెట్టి ముందుకెళ్లారు. రెండో గ్రూపులో రియల్ మాడ్రిడ్, లాజియో, అండర్‌లెక్ట్. అందులోంచీ బయటపడ్డారు.

సెమీఫైనల్ వాలెన్సియాతో. మొదటి మ్యాచ్ 2001 మే 2న. ఓలియరీ 43వ పుట్టినరోజు అదే. 0-0. ఆరు రోజుల తర్వాత స్పెయిన్‌లో 0-3. బోయర్ సస్పెన్షన్‌లో ఉన్నాడు, వాలెన్సియా మొదటి గోల్ చేతికి తగిలి వెళ్లింది. 1980 కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో ఓలియరీ ఆడిన ఆర్సెనల్‌ని పెనాల్టీల్లో ఓడించింది కూడా ఈ వాలెన్సియాయే. యూరప్‌లో రెండుసార్లూ ఒకే క్లబ్ ఆయనకు అడ్డుపడింది.

అదే సీజన్ లీగ్‌లో నాలుగో స్థానం. లివర్‌పూల్‌కి 69 పాయింట్లు, లీడ్స్‌కి 68. ఆ ఒక్క పాయింటుతో ఛాంపియన్స్ లీగ్ డబ్బు పోయింది. ఆ డబ్బు వస్తుందనే అప్పులు చేశారు. కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క పాయింటులోనే ఉంది.

ఓరుగల్లు కుర్రాడు · ఆదివారం రాత్రి 9:00

సరే, అప్పు సంగతి ఒప్పుకుంటా. కానీ 2002 జనవరి 1న మళ్లీ పట్టికలో పైనున్న జట్టు ఐదో స్థానానికి ఎందుకు పడింది? ఆ వారంలోనే రెండంచెల కింద ఆడే కార్డిఫ్ చేతిలో ఎఫ్ఏ కప్‌లో ఓడారు. కొందరు లీడ్స్ ఆటగాళ్ల మీద నడిచిన దాడి కేసు కోర్టులో అయిపోగానే ఆ సంగతులన్నీ కలిపి మేనేజర్ పుస్తకం రాయడం ఏమిటన్నా? డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన మాట ఎవరు నమ్ముతారు?

గోదారి గట్టు · ఆదివారం రాత్రి 9:25

ఆ పుస్తకం తప్పే తమ్ముడూ. దాన్ని నేను సమర్థించను. తన పిల్లలనుకున్నవాళ్ల గురించి అప్పుడు, అలా రాయకూడదు. ఆ జూన్‌లో ఉద్యోగం పోయింది. నాలుగు సీజన్లలో నాలుగు, మూడు, నాలుగు, ఐదు. ఆయన తర్వాత లీడ్స్‌కి మళ్లీ అలాంటి వరస రాలేదు.

విశాఖ విల్లా · సోమవారం ఉదయం 8:45

నేను ఆస్టన్ విల్లా అభిమానిని కాబట్టి మిగతా ముక్క నేను చెప్పాలి. 2003లో మా దగ్గరికి వచ్చాడు. మొదటి ఏడాది ఆరో స్థానం, బాగుంది. తర్వాత పది, ఆ తర్వాత పదహారు. 2005లో లీగ్ కప్‌లో కింది అంచె జట్టు డాంకాస్టర్ చేతిలో 3-0 ఓడిన రాత్రి నేను మర్చిపోలేను. అప్పుడు మాకు డబ్బు లేదు, ఛైర్మన్ ఖర్చు పెట్టేవాడు కాదు, అది నిజం. కానీ జట్టులో ఉత్సాహమే కనిపించేది కాదు. లీడ్స్‌లో పిల్లల్ని ఉరకలెత్తించిన మనిషి ఈయనేనా అనిపించేది. 2006 జులైలో వెళ్లిపోయాడు.

2010లో దుబాయ్ అల్ అహ్లీకి వెళ్తే ఏడాది తిరక్కుండానే తీసేశారు. పరిహారం కోసం క్రీడా ట్రిబ్యునల్ దాకా వెళ్లి గెలిచాడు. మళ్లీ ఏ జట్టునూ చేపట్టలేదు.

సికింద్రాబాద్ స్వీపర్ · సోమవారం మధ్యాహ్నం 1:10

నేను కాలేజీ రోజుల్లో సెంటర్ బ్యాక్ ఆడాను. వెనక నిలబడితే ఆట మొత్తం కళ్ల ముందుంటుంది, నోరు విప్పి ముందున్నవాళ్లను సర్దుతూ ఉండాలి. అందుకేనేమో ఐర్లాండ్ డిఫెండర్లు చాలామంది మేనేజర్లయ్యారు. వాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఓలియరీ సంగతి ఇంకా అర్థమవుతుంది.

మిక్ మెక్‌కార్తీ. 1990లో కెప్టెన్. రెండేళ్లకే మిల్‌వాల్‌లో ఆడుతూనే మేనేజర్ అయ్యాడు. చిన్న క్లబ్బులో, డబ్బు లేని చోట పని నేర్చుకున్నాడు. 2002 ప్రపంచ కప్‌కి ముందు సైపాన్‌లో రాయ్ కీన్‌తో గొడవ జరిగినా జట్టును రెండో రౌండ్ దాకా తీసుకెళ్లాడు. సండర్లాండ్‌ని, వుల్వ్స్‌ని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు.

క్రిస్ హ్యూటన్. టాటెన్‌హామ్ లెఫ్ట్ బ్యాక్. తండ్రి ఘనా, తల్లి ఐర్లాండ్. ఐర్లాండ్ జట్టులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. కుర్రతనంలో ఒకపక్క ఆడుతూ ఇంకోపక్క లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఆట వదిలేశాక ఎన్నో ఏళ్లు కోచ్‌గా, అసిస్టెంట్‌గా ఉన్నాడు. న్యూకాజిల్‌ని పైకి తెచ్చాడు. 34 ఏళ్ల తర్వాత బ్రైటన్‌ని మొదటి అంచెకు చేర్చాడు.

స్టీవ్ స్టాంటన్ మాత్రం అనుభవం లేకుండానే నేరుగా ఐర్లాండ్ మేనేజర్ అయ్యాడు. సైప్రస్‌లో 5-2తో ఓడారు. రెండేళ్లు నిండకుండానే పదవి పోయింది.

నెమ్మదిగా నేర్చుకున్న మెక్‌కార్తీ, హ్యూటన్‌ల తోవకీ, స్టాంటన్ తోవకీ నడుమ పడ్డాడు ఓలియరీ. రెండేళ్లు అసిస్టెంట్, ఆ వెంటనే పెద్ద క్లబ్, పెద్ద డబ్బు. ఓడి, సర్దుకుని, మళ్లీ లేవడం నేర్పే చిన్న ఊరి క్లబ్ ఆయనకు దొరకలేదు. విల్లాలో డబ్బు లేనప్పుడు తడబడ్డది అందుకేనని నాకు అనిపిస్తుంది.

ఓరుగల్లు కుర్రాడు · సోమవారం రాత్రి 7:50

స్వీపర్ అన్న చెప్పింది నాకు నచ్చింది. లీడ్స్‌ని ముంచినవాడు అనే మాట ఇక నేను అనను. విల్లాలో విఫలమయ్యాడు అంటాను, అది వేరే మాట.

గోదారి గట్టు · సోమవారం రాత్రి 8:05

అది చాలు తమ్ముడూ. విల్లా గారి మాట కూడా నేను కాదనను.

డబ్లిన్ శ్రీను · మంగళవారం రాత్రి 10:40

ఈ రోజు మధ్యాహ్నం టీ దగ్గర మా ఆఫీసులో ఒక పెద్దాయనకు ఈ చర్చ మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. ఆయనది ఓలియరీ పెరిగిన పేటే. రాజమండ్రిలో చాపల మీద కూర్చుని పదిహేను మంది ఆ పెనాల్టీ చూశారంటే ముందు నమ్మలేదు. గట్టు అన్న పోస్టు ఫోన్లో చూపించాను. ఆ గుండ్రటి అక్షరాలను చాలాసేపు చూసి, ఇందులో ఓలియరీ పేరు ఏదని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. కళ్లజోడు పైకి తోసి, తన ఫోన్‌తో దానికి ఫొటో తీసుకున్నాడు.

అప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్లట. బంతి వలలో పడ్డాక వీధిలోకి పరిగెత్తి, ఎదురొచ్చిన పాలవాణ్ని ఎత్తుకున్నాడట. ఇంకో మాట చెప్పాడు. వాళ్ల నాన్న ఆ ఐదో పెనాల్టీ చూడలేక వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేశాడట, అరుపులు వినపడకుండా. జనం గోల విన్నాకే బయటికొచ్చి "ఎవరు కొట్టారు?" అని అడిగాడట. ఓలియరీ అంటే, "మన డేవిడా?" అన్నాడట.